వాగు నీళ్ల నోటీసు

అన్నపూర్ణ పటేల్‌గూడలో మొగులయ్య ఇంటి పై గదుల్లోకి కిరాయికి దిగేటప్పటికి, ఆ ఇంటి ఆడపిల్లలిద్దరూ బడి మానేసి ఏడాది దాటింది. స్వరూప మొగులయ్య కూతురు. బాలమణి అతని తమ్ముడి కూతురు. హైస్కూలు పెద్ద రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు దాటుతూ పక్క ఊరి పిల్ల ఒకతె లారీ కింద పడిందని తెలిసిన రోజే మొగులయ్య ఇద్దరి సంచులూ అటక మీద పెట్టించాడు.

అన్నపూర్ణది కృష్ణా జిల్లా. హైదరాబాద్‌లో ఒక దినపత్రికలో ఆరేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసింది. భర్త రాజారావుకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక, రాత్రి డ్యూటీ చేసి ఇంత దూరం రావడం కుదరక మానేసింది. పగలంతా చేతికి పని లేక తోచేది కాదు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని పాత వారపత్రికను కూడబలుక్కుంటున్న పిల్లల్ని చూసి కిందికి దిగింది.

"కౌసల్యమ్మగారూ, వీళ్ల చేత ప్రైవేటుగా పదో తరగతి రాయిద్దాం. నేను చెప్తాను."

స్వరూప తల్లి కౌసల్యమ్మ చేటలో బియ్యం ఆపి భర్త వైపు చూసింది. మొగులయ్య షిఫ్టుకు బయలుదేరుతున్నాడు.

"రోడ్డు దాటేది లేదు గద?" అన్నాడు.

"మెట్లెక్కితే చాలు."

"గట్లయితే చెప్పుండ్రమ్మా," అని సైకిలెక్కాడు.

లెక్కలూ సైన్సూ ఎలాగో సాగాయి. తెలుగు దగ్గరే చిక్కొచ్చింది. 'మా ఊరు' మీద వ్యాసం రాయమంటే ఇద్దరూ ఒకే మాట రాశారు: 'మా గ్రామము ప్రకృతి సౌందర్యమునకు నిలయము.'

"ఎవరన్నారు ఈ మాట?"

"గైడ్‌ల ఉన్నదక్కా," అంది బాలమణి.

"మీ ఊళ్లో నిజంగా ఏముంది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏమున్నదక్కా... బర్లున్నయి. గాలి మళ్లితే మందుల కంపెనీ వాసనొస్తది. నాయిన షిఫ్టుకు పోతడు. జొన్న చేను సగం ప్లాట్లు చేసిండ్రు," అంది స్వరూప.

"అదే రాయి."

ఆ సాయంత్రం అన్నపూర్ణ ట్రంకుపెట్టె అడుగు నుంచి పల్చటి పుస్తకం ఒకటి తీసింది. కొత్తగా చేరిన విలేకరులకూ సబ్ ఎడిటర్లకూ వాళ్ల పత్రిక వేయించి ఇచ్చేది. ఎలా రాయాలో, ఎలా రాయకూడదో అందులో ఉంటుంది. గైడ్లు పక్కన పెట్టి, రోజుకో సూత్రం చొప్పున అదే పాఠం చేసింది. 'రోడ్డు వేయబడింది' అనొద్దు, 'రోడ్డు వేశారు' అను. ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పు. పెద్ద మాట పక్కన చిన్న మాట దొరికితే చిన్నదే వాడు. పిల్లలకు అది ఆటలా పట్టుబడింది. బస్సుల మీద, గోడల మీద, మందుసీసాల మీద ఉన్న రాతల్లో తప్పులు వెతికి వచ్చి చెప్పేవారు. రేషన్ షాపు బోర్డు మీద 'సరుకులు ఇవ్వబడును' అని ఉంటే బాలమణి డీలర్ నాగయ్య ముందే నిలబడి, "ఎవరిస్తరు? నువ్వే గద ఇచ్చేది!" అందట. ఆయన వారం రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వాడు.

ఆ ఎండాకాలంలో ఊరి పక్క వాగులోని నీళ్లు రంగు మారాయి. పై నుంచి ఏ ఫ్యాక్టరీ వదిలిందో ఎవరికీ తేలలేదు. ఆ నీళ్లు తాగి మొగులయ్య బర్రె ఒకటి నురగ కక్కుతూ పడిపోయింది. పటాన్‌చెరు నుంచి వచ్చిన పశువుల డాక్టరు సూదులిచ్చి దాన్ని నిలబెట్టాడు కానీ, వెళ్లేముందు గట్టిగా చెప్పాడు. వానలు పడేదాకా ఆ వాగు దగ్గరికి పశువుల్ని పోనివ్వొద్దు, ఊరందరికీ ఈ సంగతి తెలియాలి అన్నాడు.

"పాల కేంద్రం గోడకు నోటీసు అంటిద్దాం. ఇదే ఇవాళ్టి పాఠం," అంది అన్నపూర్ణ.

స్వరూప రాసింది: 'వాగు నీళ్లు బర్లకు తాపకుండ్రి. తాపితే సస్తయి. బోరు నీళ్లే తాపుండ్రి.'

అన్నపూర్ణ ఎర్ర పెన్ను తీసింది. మాండలికం వాడరాదని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఎవరైనా అన్న మాటల్ని ఉన్నదున్నట్టు రాసేటప్పుడు తప్ప. ఆమె దిద్దింది: 'వాగు నీరు గేదెలకు పట్టించవద్దు. ప్రాణాపాయం. బోరు నీరు మాత్రమే పట్టించండి.'

స్వరూప లేచింది. కాగితం తీసుకుని కిందికి వెళ్లింది. గచ్చు మీద నాయినమ్మ నర్సింహమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటే, ఆమెకు మొదటి వాక్యం చదివి వినిపించింది.

కాసేపటికి మెట్లెక్కి వచ్చింది. కాగితం వెనక దాచుకుంది.

"అక్కా, కోపం చేయొద్దు. నాయినమ్మకు గిది సమజైతలేదు."

"ఏముంది అర్థం కాకపోవడానికి? చిన్న చిన్న మాటలేగా!"

"పుస్తకం ఒకసారి ఇస్తరా?"

స్వరూప మొదటి పేజీ తీసి వేలు పెట్టి చూపించింది. 'చదివేవారికి ఒక్కసారికే అర్థం కావాలి. కాకపోతే తప్పు రాసినవారిదే.'

అన్నపూర్ణకు చురుక్కుమంది. పత్రికలో ఆమె దిద్దిన కాపీని చీఫ్ సబ్ ఎడిటర్ కూడా ముట్టుకునేవాడు కాదు. అయినా లేచి, పిల్లతో పాటు కిందికి దిగింది. నర్సింహమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా తనే చదివింది.

"వాగు నీరు గేదెలకు పట్టించవద్దు."

"గదే బిడ్డా, నీ నోటెంట విన్నా గదే," అంది నర్సింహమ్మ నిమ్మళంగా. "వాగు నీళ్ల సంగతి పట్టిచ్చుకోవద్దంటున్నరు. అయితే ఇగ భయం లేదన్నట్టే గద? రేపటి సంది తోల్కపొమ్మంట."

రెండో వాక్యం చదవకముందే ఆమె తేల్చేసింది. వాళ్ల ఊళ్లో పశువులకు నీళ్లు పట్టిస్తారు. ఇక్కడ తాపుతారు. పట్టించడమంటే ఈ ముసలమ్మకు తెలిసింది లెక్కచేయడం ఒక్కటే. తన నోటీసు గోడకెక్కి ఉంటే ఎన్ని బర్లు వాగులోకి దిగేవో తలచుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఆమె నవ్వు చూసి స్వరూప నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నర్సింహమ్మ, "నేనేమన్న తప్పంటినా?" అంది.

"నువ్వు కాదమ్మా, నేను," అంది అన్నపూర్ణ.

స్వరూప రాసిన మాటలే పెద్ద అక్షరాలతో పాల కేంద్రం గోడకెక్కాయి. బాలమణి రెండు పూటలా అక్కడే నిలబడి, చదువు రానివాళ్లకు చదివి వినిపించింది. పాలు పోయడానికి వచ్చినవాళ్లు విని, ఇళ్లకు వెళ్లి చెప్పారు. వానలు పడేదాకా ఆ ఊరి మంద ఒక్కటి కూడా వాగు దిక్కు పోలేదు. జబ్బుపడ్డ బర్రె కూడా మెల్లగా మేత అందుకుంది.

అప్పటి నుంచి చదువు వేరే దారి పట్టింది. ఏది రాసినా ముందు, "ఎవరు చదువుతారు?" అని అన్నపూర్ణ అడిగేది. పేపరు దిద్దే పంతులైతే ఒక భాష, నాయినమ్మైతే ఒక భాష. రెండూ వచ్చి ఉండాలనేది. ఇక్కడి మాటలు ఆమె పిల్లల దగ్గరే నేర్చుకుంది. "జెర ఆగు" అని భర్తతో అంటే రాజారావు కళ్లు పెద్దవి చేశాడు.

మరుసటి ఎండాకాలం ఫలితాలు వచ్చాయి. షిఫ్టు దిగిన మొగులయ్య పేపరు పట్టుకుని సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. స్వరూపది సెకండ్ క్లాసు. బాలమణిది ఇంకాస్త మంచి మార్కులతో ఫస్ట్ క్లాసు. నర్సింహమ్మ ఆ పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"మన పిల్లల పేర్లేవి?"

"పేర్లు వెయ్యరు నాయినమ్మా, నంబర్లే ఏస్తరు."

"ఊకె అంకెలేస్తే ఎవలకెరుక?" అని ముసలమ్మ కసురుకుంది.

మధ్యాహ్నం కౌసల్యమ్మ పొయ్యి మీద నుంచి దించిన సర్వపిండి రొట్టెల పళ్లెంతోనే పైకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "చెల్లె, సంచులు అటక మీద ఏస్తున్నప్పుడు నేనొద్దనలేకపోయిన. అనేటందుకు నాకు నోరు రాలే. నువ్వొచ్చినవు," అంది. కొంగుతో కళ్లొత్తుకుంది.

అన్నపూర్ణ ఆమెను లోపలికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆరేళ్లు పత్రికలో రాశానక్కా. ఎవరు చదువుతున్నారో ఒక్కనాడూ చూడలేదు. మీ ఇంటికి వచ్చాకే చూశాను. నేనే మీకు రుణపడ్డాను."

సర్వపిండి ఇంకా వేడిగా ఉంది. ఇద్దరూ తుంచుకుని తింటున్నారు. కింద వాకిట్లో మొగులయ్య సంగారెడ్డి కాలేజీకి బస్సులు ఎన్ని గంటలకు ఉంటాయో ఎవరినో అడుగుతున్నాడు. "మొదటిరోజు నేనే తోల్కపోత. పని కాడ సెలవు చెప్పిన," అంటున్నాడు.