నీళ్లు అడగని పిల్ల

తన కూతురు బుద్ధిమంతురాలని పేరు తెచ్చుకుంటుందేమోనన్నదే ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం. జ్వరాలూ, కుక్కకాట్లూ, రోడ్డు మీద లారీలూ అన్నీ ఆ తరవాతే. ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ నాలుగేళ్ల పిల్లని చూసి అత్తగారు "నోట్లో వేలు పెట్టినా కొరకదు మా మనవరాలు" అని మురిసిపోతుంటే ఆమె పిల్లని ఎత్తుకుని అవతలికి వెళ్లిపోయేది. ఒకప్పుడు ఆమె గురించీ ఇదే మాట అన్నారు మరి. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మ మంచాన పడి, వంటకి మనిషి కావాల్సొచ్చి, పుస్తకాల సంచి అటకెక్కినప్పుడు ఆమె నోరెత్తలేదు. "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారందరూ.

ఆమె పనిచేసేది మొక్కల మీద పరిశోధన జరిగేచోట, గాజు షెడ్డులో. పొద్దున్నే ఒక్కో కుండీనీ తూకం మీద పెట్టి, చీటీలో రాసిన బరువు వచ్చేదాకా నీళ్లు పోయాలి. ఒక వరుసకి నిండుగా, రెండో వరుసకి అందులో సగం. "కుండీలకి నీళ్లు పోసొచ్చి అలిసిపోయానంటావేంటి, ఎవరైనా వింటే నవ్వుతారు" అనేవాడు భర్త, ఆమె ఉతికి మడతపెట్టిన చొక్కా తొడుక్కుంటూ. ఆ నవ్వేదేదో నువ్వే నవ్వుతున్నావుగా అని లోలోపలే అనుకుని, అతని టిఫిన్ డబ్బా మూత బిగించేది.

ఆ రోజు ఆమె ఒక తప్పు చేసింది. మొక్కలు ఎలా ఉన్నాయో రాయాల్సిన కాగితంలో సగం నీళ్ల వరుస మొత్తానికీ 'బాగుంది' అని రాసేసింది. రాయదూ మరి? ఒక్క ఆకూ వేలాడలేదు. పొట్టిగా, ముదురు పచ్చగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. సైంటిస్టు మేడమ్ చూసి తిట్టలేదు. "ఇలా రా" అని, ఆకు అడుగున పొర గోరంత తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"కనపడుతున్నాయా, చిన్న చిన్న నోళ్లు?"

"మూసుకున్నాయి మేడమ్."

"ఒక్కో నోటికీ రెండు కణాలు, పెదాల్లాగా. నీళ్లుంటే ఉబ్బి తెరుచుకుంటాయి. లోపలికి గాలి వెళ్తుంది, దాంతోనే మొక్క తిండి తయారు చేసుకుంటుంది. కానీ తెరిచినంతసేపూ నీళ్లు ఆవిరైపోతూనే ఉంటాయి. అందుకని, మట్టి ఎండిందని వేర్ల నుంచి కబురు రాగానే పెదాలు బిగించేస్తుంది. నీళ్లు మిగులుతాయి, తిండి తగ్గిపోతుంది. కొత్త కణాలు పెద్దవి కావు. బతకడం కోసం పెరగడం మానుకుంటుందన్నమాట. వాడిపోలేదు కదా అని బాగుందనుకోకు."

ఆమె చాలాసేపు అందులోంచి కన్ను తీయలేదు. "ఇప్పుడు నిండా పోస్తే?"

"కొత్తగా వచ్చే ఆకులు పెద్దవవుతాయి. ముదిరిపోయిన ఆకు మాత్రం ఇంక అంతే."

ఆమెకి ఇరవై నాలుగేళ్లు. తను ఏ ఆకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం పిల్లల కేంద్రం దగ్గర ఆయమ్మ పిట్టని అప్పగిస్తూ "ఉందో లేదో కూడా తెలీదమ్మా మీ పిల్ల. ఇలాంటివాళ్లు పదిమందుంటే నా ప్రాణం హాయి" అంది. దారిలో పిల్ల సంచి బరువుగా తగిలి తీసి చూస్తే, సీసాలో నీళ్లు పొద్దున నింపినవి నింపినట్టే ఉన్నాయి. నిన్నా ఇలాగే ఉంటే, తాగేసి మళ్లీ నింపించుకుందనుకుంది.

"ఎందుకు తాగలేదు నాన్నా?"

"తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి కదా."

"వెళ్లు. ఆయమ్మకి చెప్పు."

"విసుక్కుంటుంది." పిల్ల పెదాల మీద పొరలు లేచి ఉన్నాయి. తమ ఇద్దరికే తెలిసిన రహస్యం చెప్తున్నట్టు, "నువ్వు కూడా అంతేగా అమ్మా. బస్సెక్కే ముందు తాగవుగా" అంది.

ఆమె సీసా మూత తీసి పిల్ల నోటికి అందించింది. షెడ్డులో బాత్రూమ్ తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది. "ఇందాకే కదా వెళ్లొచ్చావు" అని ఒకసారి అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచి ఆమె పొద్దున నీళ్లు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. కూతురితో అక్షరాలు దిద్దించడానికి తీరిక దొరకలేదు గానీ, ఇది మాత్రం ఒక్క రోజూ తప్పకుండా నేర్పింది.

మర్నాడు తల్లీకూతుళ్లిద్దరూ వంటింట్లో నిలబడి చెరో గ్లాసు నీళ్లు తాగారు. "గంటసేపు బస్సులో కూర్చోవాలి, ఇప్పుడన్ని నీళ్లెందుకు?" అంది అత్తగారు. "దాహమేసింది అత్తయ్యా" అంది ఆమె. పదింటికి తూకం వదిలేసి వెళ్లి, సూపర్‌వైజర్ ముందు చెయ్యి చాపింది.

"అప్పుడేనా? ఇప్పుడే కదా వచ్చావు!"

"అవునండీ. మధ్యాహ్నం మళ్లీ వస్తాను." చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కూతురి విషయమే ఆమెకి పాలుపోవడం లేదు. "మీరే అడగండి, అది అడగదు" అని పొద్దున బతిమాలితే, "ముప్పైమంది ఉన్నారమ్మా, ఒక్కొక్కర్నీ ఎక్కడ అడగను?" అంది ఆయమ్మ. అదీ నిజమే. ఎండెక్కి దాహమేసే పదకొండింటికి ఆమె షెడ్డులో ఉంటుంది, వెళ్లలేదు. మీలో ఎవరైనా ఆ వేళకి అటుగా పోతుంటే పిల్లల కేంద్రం కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూడండి. పసుపు గౌను, గోడ వారగా మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. దాహమేస్తోందా తల్లీ అంటే లేదంటుంది. నమ్మకండి.