మ్పుమలాంగా వెళ్లొచ్చినవాళ్లు

వేణుమాధవ్‌కి ఒక్కగానొక్క కొడుకు అక్షయ్. ఆ కొడుకు డాక్టరని అమెరికాలో వాళ్లుండే క్యారీ ఊళ్లోని తెలుగువాళ్లందరికీ తెలుసు. కాడని తెలిసినవాళ్లు ఇద్దరే, వేణుమాధవ్, అతని భార్య రజిని.

పడమటి తీరాన బాతెల్ అనే ఊళ్లో ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చిన కొత్తలో, గృహప్రవేశం భోజనాల దగ్గర ఎవరో "మీవాడేం చేస్తున్నాడండీ?" అని అడిగారు. అమెరికాలో మనవాళ్లు నలుగురు కలిస్తే పప్పు వడ్డించకముందే వచ్చే ప్రశ్న అది. వేణుమాధవ్ "మెడిసిన్" అన్నాడు. అక్షయ్ రెండేళ్లు మెడికల్ స్కూల్లో ఉన్న మాట నిజమే. ఆ తర్వాత ఇది నావల్ల కాదని చెప్పి, దక్షిణాఫ్రికా వెళ్లి అడవిలో గైడుగా చేరాడన్న మాట మాత్రం గొంతు దాటలేదు. బాతెల్‌లో ఆ సంగతి తెలిసినవాళ్లు చూసే జాలి చూపులు తప్పించుకోవడానికే కదా, దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చిపడింది!

ఒకసారి ఆడిన అబద్ధాన్ని పోషించడం పిల్లల్ని పెంచడం కన్నా కష్టం. మోకాళ్ల నొప్పులకి మీవాణ్ణి ఓ మాట అడగరూ అని ఒకరు, మా అమ్మ షుగర్ రిపోర్టు పంపుతాను చూపించరూ అని మరొకరు. వేణుమాధవ్ పాపం ఇంటర్నెట్లో వెతికి, మర్యాదకి కాసేపు ఆగి, "మావాడు ఇలా చెప్పాడండీ" అని జవాబిచ్చేవాడు. అప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగా వినిపించేది.

అసలు అక్షయ్ ఉండేది మ్పుమలాంగా అనే రాష్ట్రంలో. క్రూగర్ నేషనల్ పార్కుని ఆనుకుని ఒక ప్రైవేటు అభయారణ్యం ఉంది, అందులో లాడ్జి. పొద్దునా సాయంత్రం టూరిస్టుల్ని పైకప్పు లేని జీపులో తిప్పి ఏనుగుల్ని, సింహాల్ని చూపించడం అతని ఉద్యోగం. "ఇంత చదివించింది జీపు డ్రైవర్ అవడానికా?" అని వేణుమాధవ్ ఒకసారి వీడియో కాల్లో మొహం మీదే అన్నాడు. అంతే, రెండేళ్లుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. ప్రతి ఆదివారం రజిని కొడుకుతో మాట్లాడే వేళకి వేణుమాధవ్ పెరట్లోకి వెళ్లి మెషీన్‌తో గడ్డి కోసేవాడు. గడ్డి పెరిగినా కోసేవాడు, పెరగకపోయినా కోసేవాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం పక్క వీధి లోకేష్ ఉత్సాహంగా వచ్చాడు. మంచివాడు, అతనూ భార్య వర్షా వేణుమాధవ్‌ని సొంత అన్నలాగే చూస్తారు.

"అన్నా, ఎండాకాలం సెలవులకి సౌతాఫ్రికా బుక్ చేసినం! పుమలాంగానో ఏందో, నోరు తిరుగుతలేదు గానీ ఫొటోలు చూస్తే మతిపోతుందన్నా."

"కెన్యా వెళ్లకూడదూ? అదింకా బాగుంటుందంటారు."

"వర్షకి ఇదే కావాలట. లాడ్జి చూడు ఎట్లుందో" అని ఫోన్ చేతిలో పెట్టాడు.

వేణుమాధవ్ లాడ్జి పేరు రెండుసార్లు చదివాడు. అక్షయ్ పనిచేసేది అక్కడే.

వారమంతా అతనికి అదే ఆలోచన. లోకేష్ ఇంట్లో తెలిస్తే క్యారీలో అందరికీ తెలిసినట్టే. మోకాళ్ల వాళ్లు, షుగర్ వాళ్లు అందరూ కలిసి నవ్వుతారు. చివరికి ఒక ఉదయం ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి, అద్దాలన్నీ ఎత్తేసి, కొడుక్కి ఫోన్ చేశాడు.

"నాన్నా?" అక్షయ్ గొంతులో కంగారు. "అమ్మ ఓకేనా?"

"బానే ఉంది. నీతో ఒక విషయం చెప్పాలి. లోకేష్ అని, మా ఫ్రెండ్. వాళ్ల ఫ్యామిలీ జూన్‌లో మీ లాడ్జికి వస్తున్నారు."

"రియల్లీ? నువ్వూ వస్తున్నావా? అమ్మ కూడానా? నాన్నా, జూన్ ఈజ్ ద బెస్ట్! ఇక్కడ వింటర్, గడ్డి మొత్తం డ్రై అయిపోతది, యానిమల్స్ బాగా కనిపిస్తాయ్. నేను లీవ్ తీస్కుంటా. బ్లైడ్ రివర్ కాన్యన్‌కి నేనే డ్రైవ్ చేస్తా. అక్కడ గాడ్స్ విండో అని ఉంటది, కొండ చివర నుంచి కిందకి చూస్తే అంతా గ్రీన్. నీకు చలి పడదు కదా, మార్నింగ్ డ్రైవ్‌కి బ్లాంకెట్స్ ఇస్తాం, హాట్ వాటర్ బ్యాగ్ కూడా..."

చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి షూ విప్పకుండానే కబుర్లు చెప్పే పిల్లాడి గొంతే అది. వేణుమాధవ్ కాసేపు విన్నాడు. విన్నాక, అనవలసింది అననే అన్నాడు.

"మేం రావట్లేదు. వాళ్లకి నువ్వు నా కొడుకువని తెలియకూడదు. అది చెబుదామనే చేశాను."

అటు వైపు ఏదో పిట్ట అరిచింది.

"ఓకే నాన్నా" అన్నాడు అక్షయ్ చివరికి. "రాజ్ అని చెప్తాలే పేరు."

ఎందుకని కూడా అడగలేదు. అడిగి, పోట్లాడి, నాలుగు మాటలు అని ఉంటే వేణుమాధవ్ మనసు ఎటు తిరిగేదో. అడగలేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాడు, లోపలికెళ్లి కాఫీ తాగాడు. ఇంట్లో రజినికి ఈ ఫోన్ సంగతి చెప్పలేదు. లోకేష్ వాళ్లు వెళ్లేది ఆ లాడ్జికేనని వర్ష ద్వారా తెలిసి, జూన్‌లో ఆమె ఆశగా "మనవాళ్లు కనిపించారా నాన్నా?" అని అడిగితే, "వేరే గైడ్‌తో వెళ్లారమ్మా" అన్నాడట కొడుకు.

జూలైలో లోకేష్ దంపతులు తమ ఇంట్లో శనివారం మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. నాలుగు కుటుంబాలు వచ్చాయి. టీవీలో సఫారీ ఫొటోలు వేశారు. కొడుకు తిరిగే నేలనైనా చూద్దామని రజిని ముందు వరసలో కూర్చుంది. వేణుమాధవ్ వెనక సోఫాలో, పెరుగన్నం దగ్గర ఉన్నాడు.

పచ్చటి లోయ వచ్చింది. దాని అవతల గుండ్రటి గుడిసెల్లాంటి మూడు కొండలు. తర్వాత జిరాఫీలు, నీళ్లలో హిప్పోలు. తర్వాత కొమ్ము లేని ఖడ్గమృగం.

"అయ్యో, దాని కొమ్మేదీ?" అని ఎవరో అడిగారు.

"దే కట్ ఇట్ ఆఫ్, ఆంటీ" అంది లోకేష్ కూతురు నైనిక. "హార్న్ ఉంటే దొంగలు చంపేస్తారు. హార్న్ లేకపోతే వదిలేస్తారు. రాజ్ చెప్పాడు."

"రాజ్ ఎవరమ్మా?" అంది రజిని.

"మా గైడండీ. మీకు చెప్పలేదు కదూ, తెలుగు పిల్లాడు!" వర్ష వడ్డన ఆపి వచ్చి కూర్చుంది. "ఏనుగు ఒకటి జీపు మీదకి వచ్చేస్తుంటే నైనికకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ అబ్బాయి కదల్లేదు, మెదల్లేదు. 'నైనికా, నన్నే చూడు, ఏం కాదు' అని తెలుగులో అంటూ కూర్చున్నాడు. అది అలాగే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మేం రైస్ కుక్కర్ పట్టికెళ్లాం కదా, ఓ రోజు పులిహోర కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని, మొహం పక్కకి తిప్పేసుకున్నాడండీ. మీవాళ్లెవరు బాబూ అంటే అమ్మ ఉందన్నాడు. నాన్నగారో అంటే, లేరన్నాడు."

"గట్ల అడగకపోయేదుండె నువ్వు" అన్నాడు లోకేష్.

"నాకేం తెలుసు? ఎప్పుడు పోయారని అడిగితే ఇంక మాట్లాడలేదు. ఆ తండ్రి ఉండుంటే, కొడుకుని చూసి ఎంత పొంగిపోయేవాడో!"

వేణుమాధవ్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఫొటో దిగడే అసలు" అంది నైనిక. "నేను సీక్రెట్‌గా తీశా, లుక్!"

టీవీ నిండా ఖాకీ చొక్కా. అతను నేల మీద గొంతుకూర్చుని సింహం అడుగుజాడ చూపిస్తున్నాడు. టోపీ కింద సగం మొహమే కనిపిస్తోంది. తల్లికి సగం మొహం చాలదా? రజిని చేతిలోని ప్లేటు కింద పెట్టేసింది. తల తిప్పి భర్తని చూసింది. అతని మొహం చూస్తే అడగవలసిన పని లేకపోయింది.

అప్పటికైనా ఒక్క మాట అంటే సరిపోయేది. "వాడు మావాడే" అంటే అయిపోయేది. గదిలో ఉన్నది పరాయివాళ్లు కూడా కాదు. వేణుమాధవ్ ముద్ద మింగి, "లోకేష్, తర్వాతి ఫొటో వెయ్యి" అన్నాడు.

"వద్దు, ఉండనియ్యి" అంది రజిని. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, ఆ ఖాకీ భుజం మీద చెయ్యి ఆనించింది. "వీడు రాజ్ కాదు వర్షా. అక్షయ్. మా అబ్బాయి. వీడు డాక్టరు కాదు, ఎప్పుడూ కాలేదు. వీళ్ల నాన్న బతికే ఉన్నాడు. అదిగో, అక్కడ కూర్చుని పెరుగన్నం తింటున్నాడు."

ఎవ్వరూ నవ్వలేదు. ఇన్నేళ్లు అతను భయపడిన నవ్వు ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ లేదు. లోకేష్ తల దించుకున్నాడు, వర్ష కళ్లు తుడుచుకుంటోంది. వేణుమాధవ్ చెయ్యి కూడా కడుక్కోకుండా ఇంటి వెనకున్న చెక్క డెక్ మీదికి వెళ్లి, ఎడమ చేత్తో తడబడుతూ కొడుక్కి ఫోన్ చేశాడు. అందరికీ చెప్పేశాం నాన్నా, వచ్చే నెలే మేమిద్దరం వస్తాం, నన్ను క్షమించు. ఇవే మాటలు, ఇదే వరసలో చెప్పాలనుకున్నాడు.

అక్షయ్ వెంటనే ఎత్తాడు. తండ్రి నోరు విప్పేలోపే గబగబా మాట్లాడాడు.

"నాన్నా, ఎవ్వరికీ తెలీలేదు. వర్రీ అవ్వకు. ఐ వాజ్ రియల్లీ కేర్‌ఫుల్. ఫొటోల్లో కూడా పడలేదు. ఆంటీ అడిగితే మా నాన్న లేరని చెప్పేశా." ఒక క్షణం ఆగాడు. "అలా చెప్తే ఓకే కదా నాన్నా?"