ఫొటోలో రైతు

ఏటా పైరు మోకాలెత్తుకు వచ్చే రోజుల్లో ఆ పొలంలోకి ఒక జత నల్లబూట్లు దిగుతాయి. సాగుచేసేవారికి ప్రభుత్వం ఇచ్చే సాయం అందాలంటే రైతు తన పైరులో నిలబడి ఫొటో దిగాలి. బూట్లు పొలం ఆసామివి. ఆయనకు పట్నంలో టైర్ల దుకాణం. దున్నేదీ విత్తేదీ నష్టపోయేదీ కౌలుకు తీసుకున్న ఆలుమగలు. ఫొటో తీసేటప్పుడు వాళ్లు గట్టెక్కి తప్పుకోవాలి. చదివేవారికి ఇది వింతగా తోచవచ్చు. ఏళ్ల తరబడి గట్టెక్కినవారికి తోచదు.

ఈ ఏడు మొదట వేసిన మొక్కజొన్న గింజ వాన లేక చాలావరకు మట్టిలోనే మాడిపోయింది. మళ్లీ విత్తడానికి ఆ ఇల్లాలు ఉన్న ఒక్క పాడి ఆవునూ అమ్మింది. వచ్చే సాయంలో కొంతైనా ఇమ్మని అడిగితే ఆసామి నవ్వి, పొలం నాది, కష్టం నీది, సర్కారు సాయం కాగితంలో పేరున్నవాడిది అన్నాడు.

ఫొటో రోజున కొత్త అధికారి వచ్చింది, చిన్నవయసు మనిషి. ఫొటోకు ముందు ఏ రకం గింజ, ఎప్పుడు విత్తారు అని అడిగింది. ఆసామి అలవాటుగా గట్టు వైపు తల తిప్పాడు. ఏటా గట్టు మీంచి ఆవిడ మెల్లగా జవాబు అందించేది, ఆయన గట్టిగా చెప్పేవాడు. ఈసారి ఆవిడ చేతులు కట్టుకుని ఊరుకుంది. పెనిమిటి మోచేత్తో పొడిచినా పలకలేదు.

"వానలు పడగానే విత్తాం," అన్నాడు ఆసామి.

అధికారి పైరును చూసింది. అక్కడక్కడ నడుమెత్తు, మిగతాదంతా మోకాలెత్తు. "ఒకసారా, రెండుసార్లా?"

ఆసామి మళ్లీ గట్టు వైపు తిరిగాడు. "బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేమ్మా? చెప్పు."

"ఫొటోలో లేనిదాన్ని, నా మాటెందుకయ్యా?"

అంటూనే ఆవిడ గట్టు దిగింది. ఒక్క మొక్క తొక్కకుండా సాలు వెంట నడిచి, ఆయన బూటు కింద నలిగినదాన్ని లేపి మన్ను ఎగదోసింది.

వచ్చే ఏడు కౌలు ఇంకొకరికి ఇస్తానన్నాడు ఆసామి, పళ్లు కొరుకుతూ. గట్టు మీద పెనిమిటి ముఖం పాలిపోయింది.

"ఇచ్చుకోండి," అంది ఆవిడ. "వాళ్లకీ చెప్పే పోతాను, మీరు తల తిప్పితే పలకొద్దని."

 పెనిమిటి తనూ దిగివచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

అధికారి ఫోన్ పైకెత్తింది. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదని, తాను చూసిందే రాస్తానని చెప్పింది. ఆసామితో, "మీరు కాస్త గట్టు మీదికి జరగండి," అంది.

సాయం ఇంకా రాలేదు. పొలం ఉంటుందో పోతుందో తేలలేదు. ఆవిడ మాత్రం కౌలువాళ్ల ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెబుతోంది: "పండించేవాడే రైతు. ఆ మాట సర్కారు రాసుకునేదాకా ఎవరూ గట్టెక్కొద్దు."