చెంపదెబ్బకు చప్పట్లు

జీవితమంతా పిల్లల ఆటలకే ధారపోసిన పెద్దలకు సన్మానమట! మా ఊరి బాలల క్రీడా సంఘంవాళ్లు హాల్లో బంగారు రంగు తెర పెట్టి, దాని ముందు ఇద్దరు ముసలాళ్లను ఛాతీకి ఎర్ర కాగితపు పూలు గుచ్చి కూర్చోబెట్టారు. ఒకాయన పచ్చిచేప ముక్కలు మెక్కి అప్పుడే కునుకు తీస్తున్నాడు. రెండో ఆయన బేస్‌బాల్ కోచ్ కురాహాషి.

మా తమ్ముడు షుహేయ్ ఐదో తరగతిలో బంతి వదిలేశాడని ఆయన చెంప పగలగొట్టాడు. వాడి ఎడమ చెవి వినబడకుండా పోయింది. మర్నాడే మా అమ్మ మిఠాయి డబ్బా పట్టుకెళ్లి, మావాడు మీకు విసుగు తెప్పించాడంటూ ఆయనకే క్షమాపణ చెప్పుకుని వచ్చింది. ఆ డబ్బా ఆయన తీసుకున్నాడు కూడా.

"అసలెందుకొచ్చావురా?" అన్నాను, పక్కన కూర్చున్న షుహేయ్‌తో.

"ఆయన ముసలివాడయ్యాడు కదక్కా. ఇవాళన్నా తప్పయిందంటాడేమో."

వాడికి కావలసింది ఆ ఒక్క మాటే.

కురాహాషి లేచాడు. మైకు ఇవ్వబోతే తోసేశాడు. "నాకెందుకయ్యా అది! గ్రౌండు అవతలిదాకా వినబడే గొంతు నాది!"

ఆ గొంతు ఎప్పుడో పోయింది. గ్లాసుల చప్పుడులో నాకే సరిగా వినబడలేదు. షుహేయ్‌కి వినబడని చెవి అటువైపే ఉంది.

"అదుగో, మా షుహేయ్! వీడికోసారి ఒక్కటి పీకాను చూడండి, టోపీ ఎగిరెళ్లి పక్కవాడి అన్నం డబ్బాలో పడింది! ఆ దెబ్బతోనే కదా మనిషయ్యాడు!"

హాలంతా పగలబడి నవ్వింది. మూతులకంటిన బీరు నురగ తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. తమ పిల్లలూ ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే అయినా, తల్లులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. రోత పుట్టింది నాకు. ఇంత సిగ్గులేని జనం మధ్యా నేను పుట్టి పెరిగింది!

షుహేయ్ చుట్టూ చూశాడు. ఆయన వేలు తనవైపే ఉంది, అందరూ తనను చూసే నవ్వుతున్నారు. వాడు గబుక్కున లేచి, నడుం వంచి వందనం చేశాడు. కూర్చునేసరికి కళ్లు చెమ్మగిల్లాయి.

"రావోయ్ షుహేయ్! కోచ్ గారిని గాల్లోకి ఎగరేసి పట్టుకుందాం!" అని పాత జట్టువాళ్లు కేకేశారు. అప్పటికే ఆయన్ను చేతుల మీదికి ఎత్తేశారు.

వాడు మంచి చెవి నా నోటి దగ్గర పెట్టాడు. "అన్నాడు కదక్కా? తప్పయిందన్నాడు కదా?"

ఆయనన్నది అన్నట్టు, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను.

వాడి మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది.

"అయితే నేను లేచి వంగింది దానికా?" అన్నాడు.