తోడు మనిషి అక్కర్లేదు

"ఆ తెల్లంగి ఇస్త్రీ చెయ్యి ఊర్మిలా. జడ్జి ముందట కూసునేది, నలిగిందేస్కుంటె ఏం బాగుంటది?" అన్నాడు ప్రభాకర్ చక్రాల కుర్చీలోంచి. విచారణకు ఇంకా వారం ఉంది. అదీ వీడియోలో, ఈ ముందుగదిలో కూర్చునే. అయినా ఊర్మిల ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. కాలరు మీద వేడి ఆనించాక గుర్తొచ్చింది, తమ కేసును పాడుచేసింది ఇలాంటి చొక్కాయేనని.

మెడికల్ బోర్డుకు పిలిచిన రోజు ఆమె తెల్లవారకముందే లేచింది. పెద్ద డాక్టర్ల దగ్గరికి పోతున్నామని అతనికి గడ్డం గీసి, తలంటి, మూత్రం సంచీ మార్చి, అది ప్యాంటు లోపల కనబడకుండా కట్టి, గోళ్ళు తీసి, పౌడరు రాసి, గంజిపెట్టిన చొక్కా తొడిగి తీసుకుపోయింది. ఆఫీసరు ముందుకైనా ఆస్పత్రికైనా ఉతికిన బట్టల్లోనే పోవాలని, ఇంట్లో కష్టం మొహం మీద కనబడనివ్వకూడదని పుట్టింట్లో నేర్పిన పద్ధతి. డాక్టర్లు అతని వీపు తిప్పి చూశారు. ఏడాదికి పైగా మంచానికీ కుర్చీకీ అంటుకుపోయిన మనిషి ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఒక డాక్టరు "మాషా అల్లా" అన్నాడు. ఆ మాటకు ఊర్మిల లోలోపల మురిసిపోయింది కూడా. ఆమె చేసే పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత, రోజువారీ పనులకు మనిషి సాయం కావాలా అని అడిగారు. ప్రభాకర్ నవ్వి, "ఎందుకు సార్, నా వైఫ్ ఉంది కదా" అన్నాడు ఇంగ్లీషులో. కొన్నాళ్ళకు బీమా ఆఫీసు నుంచి జవాబొచ్చింది. వైకల్యం నిజమే, తోడు మనిషి కోసం ఇచ్చే భత్యం మాత్రం అక్కర్లేదు.

ప్రభాకర్ సౌదీలో ధహ్రాన్ దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఇంజనీరు. ట్యాంకు చుట్టూ కట్టిన స్కాఫోల్డింగ్ మీది నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస చితికింది. కాళ్ళు కదలవు, వేళ్ళకు పట్టు లేదు. మాట మాత్రం ఎప్పటిదే. అప్పటిదాకా ఊర్మిల ఇండియన్ స్కూల్లో నాలుగో తరగతి టీచరు. ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. ఆ సంగతి మాట్లాడాల్సిన అవసరమే ఎవరికీ తోచలేదు. జగిత్యాల నుంచి అత్తగారు ఫోన్ చేసి, "నువ్వున్నవు గాబట్టి మాకు రంది లేదు బిడ్డా" అంది. బీమా ఆఫీసు జవాబు మీద అప్పీలు వేశామని చెప్పినప్పుడు ఆవిడే, "మొగనికి చేస్కునేదానికి గూడ సర్కారును అడుగుతరా? ఇంటె నలుగురు నవ్వుతరు" అంది. ఆ భత్యం వస్తే పగటిపూట ఒక మగ నర్సును పెట్టుకోవచ్చు. స్కూల్లో ఆమె చోటు మళ్ళీ ఖాళీ అయింది. ఎండాకాలం సెలవులయ్యేదాకా ఆగుతానని ప్రిన్సిపాల్ ఉమాదేవి మాటిచ్చింది. ఊర్మిలకు కావలసింది అంతే. తను లోపలికి రాగానే పిల్లలందరూ బెంచీలు చప్పుడయ్యేలా లేచి నిలబడే ఒక గది.

కాలింగ్ బెల్ మోగింది. విచారణలో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఖాలిదా వచ్చింది. నిజామాబాద్ పిల్ల, వకీలు ఆఫీసులో అరబ్బీ తర్జుమా చేస్తుంది. పైన వేసుకున్న నల్లటి అబాయా తీసి కుర్చీకి తగిలించి, ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఇయ్యాల నేనే జడ్జిని. నవ్వొద్దు మరి."

"నువ్వే జడ్జివైతె మాకింక భయమెందుకు?"

"గట్లంటరా! నాతోని మస్తు కష్టం. వదినా, ముందుగాల నువ్వు చెప్పు. పొద్దుమాపు అన్నకు ఏమేం చేస్తవు?"

"ఏముంటది ఖాలిదా. మామూలు పనే."

"మామూలంటె జడ్జికి ఏం సమజైతది?"

ఊర్మిల చొక్కా చేతిని ఇంకోసారి రుద్దింది. చెప్పాల్సినవన్నీ అతని ఒంటికి సంబంధించినవే. వాటిని పేరుపెట్టి పైకి అంటే అతను ఈ గదిలోనే చిన్నబోతాడు. రెండేళ్ళుగా ఆమె పని చేయడమే కాదు, చేసినట్టు తెలియకుండా దాన్ని దాచడం కూడా చేస్తూ వచ్చింది.

"ఆమె ఏం చెప్తది తియ్యి, ఇంట్ల ఉండేదే గదా. నన్నడుగు" అన్నాడు ప్రభాకర్.

"సరే. మీకు తోడు మనిషి గావాల్నా?"

"నా పనులు నేనే చూస్కుంట. ఏదన్న అవసరం పడితె ఊర్మిల ఉంది."

ఖాలిదా నెత్తి కొట్టుకుంది. "యా అల్లా, మళ్ళ గదే మాట! మనిషి ఉన్నట్టే గదా అని రాసి పారేస్తరన్నా."

"ఉన్నదాన్ని లేదని ఎట్ల చెప్పాలె?"

ఊర్మిల ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది.

"నేను లేననుకొని చెప్పండి" అంది.

"ఏందీ?"

"బయటికి పోతున్న. నేను లేకుంటె మీ దినం ఎట్ల గడుస్తదో ఆమెకు చెప్పండి."

తలుపు మూసి మెట్ల మీద కూర్చుంది. గోడలోంచి వేడి వీపుకు కొడుతోంది. లోపలినుంచి "ఊర్మిలా!" అని పిలుపు. దాహమైనప్పటి గొంతు. మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయింది. ఇంకోసారి పిలిచాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"రాత్రిపూట లేసి లేసి నన్ను పక్కకు తిప్పుతది. నేను నిద్రల ఉన్ననని లైటు గూడ ఎయ్యది. నేను మేల్కొనే ఉంట. సంచి మార్చెటప్పుడు నాకు వాసన రావద్దని ముందుగాల ఊదుబత్తి ముట్టిస్తది. కడుపు కదలకుంటె చెయ్యి పెట్టి తీస్తది. అటెంక బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తది, నాకు ఇనబడుతది. అన్నం ముంగట కూసున్నదంటె చాలు, నేను పిలుస్త. ఒకనాడు నడుము పట్టేసి వంటింట్ల పడ్డది. నాకు ఈడికెల్లి కనబడ్డది. పొయ్యి గట్టు పట్టుకొని లేసెదానికి చానసేపు వట్టింది. నేను టీవీ దిక్కు మొఖం తిప్పుకున్న."

లోపల ఖాలిదా, "గిదే అన్నా. జడ్జి ముందట గిట్లనే చెప్పుండ్రి. కేసు మనదే" అంది.

ఊర్మిల రెయిలింగ్ వదిలేసింది. 'పాపం ఆయనకు తెలియదు, నొప్పిలో ఉన్న మనిషికి పక్కవాళ్ళ అలసట కనబడదు.' రోజూ పొద్దున తనకు తను చెప్పుకునే ఈ ఒక్క మాటే ఆమెను పక్కమీది నుంచి లేపేది. అతనికి తెలియకపోయి ఉంటే, ఆ మాట పట్టుకుని జీవితాంతం చేసేదే.

"ఊర్మిలా, ఇగ రా. మంచిగనే చెప్పిన గదా?" పరీక్ష బాగా రాసొచ్చినవాడి హుషారు ఆ గొంతులో.

"చాలా బాగా చెప్పారు" అంది తలుపు ఇవతలి నుంచే. ఫోన్ తీసి ఉమాదేవి నంబరు కలిపింది. "తీర్పు కోసం చూడక్కర్లేదు మేడమ్. అది ఎట్లొచ్చినా, బడి తెరిచే రోజు నేను వస్తున్నాను."