అధ్యక్షుడు తాగిన నీళ్ళు

వరద తీశాక బడి గోడల మీద బురద చార మిగిలింది. తరగతి గదుల్లో అది నల్లబల్ల సగానికి వచ్చింది. ఇళ్ళు మునిగినవాళ్ళు పై అంతస్తులో ఉంటున్నారు. కింద వరండాలో సేవా క్లబ్బు వాళ్ళు మంచినీళ్ళ ప్లాంటు బిగించారు. బడి బోరు నీళ్ళు తోడి, వడకట్టి, కుళాయిలకు వదిలే ప్లాంటు అది.

క్లబ్బు అధ్యక్షుడిది కళ్ళజోళ్ళ షాపు. ప్లాంటు ఎక్కడ పెట్టినా మొదటి గ్లాసు ఆయనే తాగాలన్నది క్లబ్బు ఆనవాయితీ. మామూలు రోజుల్లో అది ఫొటో కోసం. ముందే ల్యాబు నుంచి రిపోర్టు వచ్చి ఉండేది. ఈసారి ల్యాబే మునిగింది. దాంతో మొన్న మార్కెట్టు వెనక వీధిలో పాత ప్లాంటును మళ్ళీ నడిపినప్పుడు అధ్యక్షుడు తాగి, బాగున్నాయన్నాడు. అదే పరీక్ష అయింది.

"ల్యాబు ఎందుకండీ, మా బావ నాలుక ఉండగా" అన్నాడు కార్యదర్శి. ఆయన అధ్యక్షుడికి బావమరిది. "కూరలో ఉప్పు రవ్వంత తగ్గితే ఆయన కేక వీధి చివరికి వినిపిస్తుంది."

అధ్యక్షుడు కాదనలేదు. కళ్ళజోడు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఏ వీధి నీళ్ళు మంచివని అడిగేవారు. ఆయన చెప్పేవాడు.

ప్లాంటు వెనక నుంచి ఆయన భార్య పళ్ళెంలో స్టీలు గ్లాసు పెట్టుకుని వచ్చింది. గ్లాసు అందించడం ఎప్పుడూ ఆవిడ పనే. ఆయన అడుగంటా తాగి మైకు అందుకున్నాడు.

"తియ్యగా ఉన్నాయి. అందరూ పట్టుకోండి."

చప్పట్లు కొట్టారు. వరసలో ముందు కుట్టుపని చేసే ఆవిడ ఉంది. సీసాలో పట్టుకుని, అక్కడే ఒక గుక్క తాగి, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"డీజిలు కంపండీ."

"కొత్త పైపులమ్మా, రెండు బిందెలు పోతే సర్దుకుంటుంది" అన్నాడు కార్యదర్శి. "మా బావ గ్లాసుడు తాగాడు, చూశావుగా."

"చూశాను. లేకపోతే నోట్లో పోసుకుందునా?"

వరసలో కొందరు నవ్వారు. అధ్యక్షుడూ నవ్వి, కుళాయిల దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న గ్లాసునే ఒకదాని కింద పట్టాడు. ఒక గుక్క మింగాడు. గొంతు మండింది. దగ్గుతూ బోరు వైపు చూశాడు. పక్కనే జనరేటరు షెడ్డు. అందులో డీజిలు డ్రమ్ము పడిపోయి ఉంది. మూత లేదు.

ఇందాక తాగిన నీళ్ళకు ఈ వాసన లేదు.

ఆయన భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పళ్ళెం తుడుస్తోంది.

"నాకిచ్చినవి ఏం నీళ్ళు?"

"కుళాయివేనండీ."

"నిజం చెప్పు."

ఆవిడ చేతిసంచీ తెరిచి చూపించింది. లోపల ఇంటి నుంచి తెచ్చిన సీసాలు ఉన్నాయి.

"కామెర్లు వచ్చి లేచారు కదా, అప్పటి నుంచీ ఇంతే. డాక్టరు బయటి నీళ్ళు ముట్టొద్దన్నాడు. నేను చెబితే మీరు వింటారా?"

"మొన్న?"

"మొన్న కూడానండీ. ల్యాబు లేదన్న సంగతి నాకు తెలీదు. ఎప్పట్లాగే ఫొటోకే అనుకున్నాను."

ఆయన చేతిలో గ్లాసు ఒరిగి నీళ్ళు చెప్పుల మీద పడుతున్నాయి. ఆయన చూసుకోలేదు.

"అక్కా, ఎంత పని చేశావే" అన్నాడు కార్యదర్శి. తర్వాత గొంతు తగ్గించాడు. "బావా, మోటారు కాలిందని చెబుదాం. ట్యాంకరు తెప్పిస్తాను. మిగతాది ఇంటికెళ్ళి చూసుకుందాం."

అధ్యక్షుడు మైకు దగ్గరికి నడిచాడు.

"పట్టుకున్నవాళ్ళు పారబోయండి. ఈ నీళ్ళలో డీజిలు కలిసింది. నేను తాగినవి ఇవి కావు. మా ఇంటి నీళ్ళు. నాకూ ఇప్పుడే తెలిసింది."

కుట్టుపని ఆవిడే ముందుకు వచ్చింది.

"మరి మొన్న మా వీధిలో తాగినవో?"

"మీది ఏ వీధమ్మా?"

"మార్కెట్టు వెనక."

ఆయన మైకు పక్కకు పెట్టాడు. "అవీ మా ఇంటివే."

ఆవిడ చేతిలోని సీసా కింద పెట్టింది.

"మా అత్త బడికి రానని మా మేడ మీదే ఉండిపోయింది. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. తిన్నది పడలేదేమో అనుకున్నాం. నీళ్ళు బాగా తాగమని నేనే చెప్పి వచ్చాను."

"ఆ నీళ్ళేనా?"

"ఇంకేవి ఉన్నాయండీ? మీరు తాగారని పక్కిళ్ళవాళ్ళూ బిందెలతో మోసుకుపోయారు."

కార్యదర్శి అప్పటికే ఫోన్ చేస్తున్నాడు. ఆ వీధిలో ఎవరికీ కలవడం లేదు. అధ్యక్షుడు క్లబ్బు వ్యాను తాళం అడిగాడు. తాళం ఇవ్వకుండా కార్యదర్శి తనే స్టీరింగు ముందు కూర్చుని డాక్టరుకు నంబరు కలిపాడు.

"నువ్వు ముందు ఎక్కమ్మా, దారి చెప్పు" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ ఎక్కింది. ఆయన భార్య పరుగున వచ్చి, చేతిసంచీలోని సీసాలన్నీ కిటికీలోంచి అందించింది.

"మీ అత్తకు ఇవి పట్టమ్మా. మంచివే."

కుట్టుపని ఆవిడ ఒక సీసా మూత తీసి వాసన చూసింది. మూత పెట్టి, రెండోది తీసింది. వ్యాను కదిలినా ఆవిడ ఇంకా వాసన చూస్తూనే ఉంది.