కణత దగ్గరి నాలుగు వెంట్రుకలు

నూకలో పావు కూడా ఉండదు ఆ ఖాళీ, దానికోసం ఆ ముసలాయన నిన్న పొద్దున్నే మెట్లు దిగి వచ్చి అంత గొంతేసుకుని అరవాలా, అచ్చు వేసేవాళ్ళకు పై అంతస్తు ఇచ్చారు కదా, అక్కడే కూర్చుని రంగులు కలుపుకోవచ్చు కదా, లేదు, కురిమోతో గారు నా బల్ల దగ్గరికే రావాలి, తడి ఆరని కాగితం నా ముక్కు కింద పెట్టి, ఏమ్మాయ్, బొమ్మలో ఈవిడ జుట్టుకేమైంది, ఎలుక కొరికిందా అనాలి, నలభై ఏడేళ్ళు నాకు, ఈయనకు ఇంకా అమ్మాయినే, వేలు పెట్టి చూపించాడు, కణత దగ్గర నాలుగు వెంట్రుకలు వరసగా ఒకేచోట తెగి ఉన్నాయి, అవి నేను తెంపినవా, అసలు బొమ్మలోనే అలా ఉంది, రెండు వందల ఏళ్ళ నాటి బొమ్మ, మ్యూజియం వాళ్ళిచ్చిన ఫొటోను పల్చటి కాగితం మీదికి దింపి, చెర్రీ చెక్కకు బోర్లా అతికించి, పైపొర వేలితో నలిపి తీసి, కాస్త నూనె రాస్తే గీతలు తేలాయి, తేలినవి తేలినట్టు చెక్కాను, గీత ఉన్నచోట చెక్క ఉంచాను, లేనిచోట తీసేశాను, ఇదే కదండీ మన పని, ఇంతకంటే ఏం చెయ్యాలి.

ఉన్నదే చెక్కాను అన్నాను, ఆయన నవ్వాడు, ఆ నవ్వుకు ఒళ్ళు మండిపోయింది, ఉన్నది కాదమ్మా సవాకో, పోయినదాన్ని చెక్కావు, ఆ పాత చెక్క అచ్చుపడీ పడీ అక్కడ పెచ్చు లేచిపోయింది, నీకొచ్చిన ఫొటో ఆ తర్వాత తీసిన అచ్చుది, మొదట చెక్కినవాడు ఈవిడ జుట్టు తెగ్గోసి ఉంటాడా, నువ్వేమో చెక్కకొచ్చిన జబ్బును కూడా ఎంత ముద్దుగా దించావో చూడు అన్నాడు, అదే కడుపు మండే సంగతి, నిజంగానే ముద్దుగా దించాను, తెగిన ఎనిమిది కొసలు భూతద్దంలో చూసుకుంటూ, ఏది మొద్దుగా ఉంది, ఏది వాడిగా ఉంది అని రెండు రోజులు కూర్చుని చెక్కాను, చెక్కాక మురిసిపోయాను కూడా, ఎవరైనా పిలిచి చూపిస్తే బాగుండుననిపించింది, ఛీ.

కానీ ఇలా నేర్పింది ఎవరు, ఇరవై మూడేళ్ళ క్రితం మొదటిరోజున ఇసోగై గురువుగారు ఏమన్నారు, చెప్పులతో పాటు నీ తెలివి కూడా గుమ్మం దగ్గరే విడిచి రా అన్నారు, ఆ ఏడాదే ఒక కిమోనో చేతి అంచులో గీత తెగినట్టుంటే పోనీలే అని కలిపాను, ఎవర్నడిగి కలిపావు అని ఒక్క మాట, అంతే, నెలరోజుల నా పనిని నా కళ్ళెదుటే చిత్రిక పట్టి నున్నగా చేసి ఇచ్చారు, మళ్ళీ మొదలుపెట్టు అన్నారు, ఆ రోజు పడ్డ దడ ఇంకా నా వేళ్ళలో ఉంది, అప్పట్నుంచీ చొరవ అనేదే చంపుకుని బట్టలూ అక్షరాలూ చెక్కుతూ వచ్చాను, మొహాలు, జుట్టు గురువుగారివే, ఇక్కడ పద్ధతి అది, గోరంత చోటులో పాతిక వెంట్రుకలు, వెంట్రుకకు రెండు కోతలు, కత్తి కాస్త జారినా పోయిందే, ఆ చోటు నాకెప్పుడొస్తుందా అని ఇన్నేళ్ళు కాచుకుంటే ఇప్పుడొచ్చింది, డెబ్బై ఎనిమిదేళ్ళాయనకు చేతిలో చాప్‌స్టిక్స్ నిలవడం లేదు, మార్చిలో ఈ చెక్క నా బల్ల మీద పెట్టి, ఈ ఒక్కటి చెయ్యి, కుదిరితే ఇకమీద జుట్టు నీది, కుదరకపోతే మన దగ్గర మొహాలుండవు, కొండలూ వానలూ వేసుకుందాం అన్నారు.

నిన్న ఆయన కూడా వచ్చి చూశారు, భూతద్దం పెట్టి చూసీ చూసీ, ఆ ముక్క తవ్వేసి కొత్త ముక్క దిగ్గొట్టు అన్నారు, ఎలా అండీ, పక్కన బాగున్న వెంట్రుకలు కూడా పోతాయి కదా అంటే, పోతాయి, అవీ మళ్ళీ చెక్కు అన్నారు, దేన్ని చూసి చెక్కను, ఈ బొమ్మకు ఇంకో అచ్చు ఎక్కడా లేదని మ్యూజియం వాళ్ళే రాశారు, కింద గీత లేదు, కాగితం లేదు, దేన్ని చూడను అని గొంతు పెంచాను, గురువుగారి మీద గొంతు పెంచడం అదే మొదలు, నీ నెత్తి మీద లేవా వెంట్రుకలు అన్నారు, కురిమోతో గారు పగలబడి నవ్వాడు, అయితే మీరే చెక్కండి అన్నాను, నోరు జారాక తెలిసింది, ఆయన కుడిచెయ్యి చాపి చెక్క మీద పట్టారు, అది వణుకుతూనే ఉంది, కాసేపు నాకు చూపించి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ చోటు తవ్వి కొత్త ముక్క అతికించాను, రాత్రంతా జిగురు ఆరింది, ఇప్పుడు నా ముందు బియ్యపుగింజంత కొత్త చెక్క, బయట ఈ దిక్కుమాలిన జూన్ వాన, తేమకు చెక్క ఉబ్బుతుందేమోనని ఒక భయం, పక్కవాటికైతే ఫొటో ఉంది, పోయిన నాలుగింటికేదీ, కుంచెతో నాలుగు గీతలు గీశాను, తుడిచేశాను, మళ్ళీ గీశాను, పురికొసల్లా ఉన్నాయి, తుడిచేశాను, ఇన్నేళ్ళ పనిమంతురాలికి నాలుగు వెంట్రుకలు గీయడం చేతకాదా, చేతకాదు, ఎప్పుడు గీశాను గనక, కోపమొచ్చి గీయడమే మానేశాను, పైనుంచి దిగే వెంట్రుక ఎటు వాలుతోందో చూశాను, అది ఎక్కడికి పోవాలనుకుంటోందో చూశాను, కత్తి పెట్టాను, ఊపిరి బిగబట్టి ఒక కోత, దాని పక్కన ఇంకోటి, రెండో వెంట్రుక దగ్గర చెయ్యి తడబడుతుందేమో అనుకున్నాను, తడబడలేదు, మధ్యాహ్నం తెచ్చుకున్న సోబా నూడుల్స్ చల్లారి ముద్దయిపోయాయి, ఎవరు తింటారు.

సాయంత్రం కురిమోతో గారు కొత్త అచ్చు పట్టుకుని దిగాడు, కళ్ళజోడు పైకి తోశాడు, కిందికి లాగాడు, కిటికీ దగ్గరికి పోయాడు, ఎక్కడమ్మాయ్ అది, ఇక్కడేనా, కాదే, ఇక్కడా, ఏం మాయ చేశావే నువ్వు, గురువుగారూ మీరు చూడండి అని అరిచాడు, గురువుగారు భూతద్దంతో కణత దగ్గర మొదలుపెట్టి చెవి దాకా వెతికి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెతికి, భూతద్దం మడిచి, తర్వాతి బొమ్మ మొహం ఎప్పుడు మొదలుపెడతావు అన్నారు, నేను ఇదిగో ఇక్కడండీ అని చూపించబోయి వేలు వెనక్కి తీసుకున్నాను, ఇన్నేళ్ళలో నేను చెక్కినవాటిలో నావంటూ ఉన్నవి ఈ నాలుగే, ఎవరూ కనిపెట్టనంత కాలమే ఇవి బాగున్నట్టు, ఇక వీటి సంగతి నేను ఎవరికీ చెప్పకూడదు.